తడి దుప్పట్ల చాటున

సత్వా, దుబాయ్
సెప్టెంబరు, 2022

దేవీ,

నీ ఫోను మూగబోయి నెల దాటింది. ఎప్పుడు చేసినా స్విచ్చాఫ్. మలికిపురం నుంచి మీ అన్నయ్య రోజూ అడుగుతున్నాడు, "చెల్లి మాట్లాడిందా?" అని. మాట్లాడిందనే చెబుతున్నాను. నిజం చెబితే ఆయనకి అక్కడ నిద్ర పట్టదు. నాకు ఇక్కడ ఎలాగూ పట్టడం లేదు.

అందుకే ఈ రోజుల్లో కూడా కాగితం, పెన్ను పట్టుకున్నాను. మా షాపు పక్కన సరుకుల వ్యాన్ నడిపే షాహుల్ గారని ఒక మలబారీ పెద్దాయన ఉన్నారు. శనివారం శనివారం ఫుజైరా వెళ్తారు. మీ వీధిలో ఇళ్ళకి కూడా సరుకులు వేస్తారని మాటల్లో బయటపడింది. నన్ను వాళ్ళ భాషలో చేచీ, అంటే అక్కా, అని పిలుస్తారు. "చేచీ, ఆ ఘర్ మాలూమ్. వెనక దర్వాజాలో ఆంధ్రా అమ్మాయి సామాన్ తీసుకుంటాది. చిట్టీ నేను ఇస్తాను, ఫికర్ వద్దు" అన్నారు. ఆ అమ్మాయివి నువ్వే అయ్యుండాలని దేవుడికి దండం పెట్టుకుని రాస్తున్నాను.

నా సంగతి నీకు తెలిసిందే. వీసా, నన్ను రప్పించిన షార్జా యజమాని, ఆ కఫీల్ ఇంట్లో పనిమనిషిగా. పని మాత్రం సత్వాలో, జైబున్నీసా అక్క కుట్టే టైలరింగ్ షాపులో. ఇస్త్రీ, కాజాలు, గుండీలు. బయట యూనిఫారం వేసుకున్న మనిషి కనబడితే చాలు, వీసా ఒకచోట పని ఒకచోట అని పట్టుకుంటారేమోనని గుడ్డ తానుల వెనక్కి పోతాను.

ఒక నవ్వొచ్చే విషయం చెప్పనా? మేం నాటకం వేస్తున్నాం! భూమేశ్ అని జగిత్యాల వైపు తాపీమేస్త్రీ, సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటాడు. ఊళ్ళో ఉన్నప్పుడు వీధి నాటకాలు ఆడేవాడట. ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి వచ్చి, మా ముందు ఉత్త చేతులతో గోడ కట్టి చూపించాడు. ఇటుక ఎత్తాడు, సిమెంటు మెత్తాడు, బొటనవేలు నలిగి ఎగిరాడు. అక్కడ ఇటుకా లేదు, సిమెంటూ లేదు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అలా మొదలైంది. షాపు యజమాని ఒక్కటే షరతు పెట్టాడు, చప్పుడు బయటికి వినపడకూడదని. చప్పుడు లేకుండా ఆడాలంటే మూగ నాటకమే. చూసేవాళ్ళలో కూడా నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మలబారీలు ఉంటారు కాబట్టి మాటలు లేకపోవడమే మంచిదన్నాడు భూమేశ్.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి షట్టర్ దించేసి, కటింగ్ టేబులు గోడకి జరిపి, మిగిలిన కాస్త జాగాలో ఆడతాం. లిఫ్టులో ఇరుక్కుపోయిన నలుగురి కథ. పాలకొల్లు వెంకట్రావు గారు పెద్ద షేటు. నిజామాబాదు కరుణ ఇళ్ళల్లో క్లీనింగుకి వెళ్తుంది, తను సంచులు మోసే ఆవిడ. భూమేశ్ హోటలు భోజనం తెచ్చేవాడు. నేను, జీవితంలో మొదటిసారి లిఫ్టెక్కిన పల్లెటూరిదాన్ని. భయపడాలి. నాకేమో భయపడమంటే నవ్వొస్తోంది.

ఒక్క ముక్క రాయి. క్షేమమని రాసినా చాలు.

నీ వదిన
సుధారాణి


ఫుజైరా
సెప్టెంబరు

వదినా,

ఉల్లిపాయల సంచిలో నీ ఉత్తరం చూసి గుండె ఆగినంత పనైంది. బాత్రూములో కూచుని చదివాను.

నేను బాగున్నాను. ఫోను నీళ్ళలో పడింది, అంతే. బాగు చేయించే తీరిక లేదు. అన్నయ్యకి చెప్పు, కంగారు పడొద్దని.

ఇక్కడ వెనకంతా రాళ్ళ కొండలు. మేడ మీదికెక్కితే సముద్రం, నూనె పోయించుకోవడానికి వరసలో నిలబడ్డ ఓడలు కనిపిస్తాయి. ఇంటాయన, మేం బాబా అంటాం, ఆ ఓడల మీదే పని. ఇంట్లో ఉండేది తక్కువ. ఇల్లు నడిపేది ఆయన భార్య. ఆవిణ్ణి మామా అంటాం, ఇక్కడ అమ్మగారని అర్థం. నా పని ఎక్కువగా ముసలావిడతో, బాబా తల్లి. హజ్జా అని పిలుస్తాం. పక్షవాతంతో మాట పడిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే కదులుతుంది. అన్నం పెడితే తింటుంది, లేకపోతే గోడ వైపు చూస్తూ ఉంటుంది. మనిషి లోపల ఉందో లేదో తెలీదు. ఇంకో పనిపిల్ల ఉంది, ఇథియోపియాది. పేరు అల్మాజ్. తన భాష నాకు రాదు, నా భాష తనకి రాదు.

వంటింట్లో, హాల్లో, వెనక దొడ్లో కెమెరాలున్నాయి. మామా ఏ గదిలో ఉన్నా ఫోనులో మమ్మల్ని చూస్తూనే ఉంటుంది. మాటలు కూడా వినబడతాయి.

మీ నాటకం సంగతి బాగుంది. వదినా, ఒకటి అడుగుతాను. నోరు విప్పకుండా 'ఆగు' అని ఎలా చెబుతారు? 'భయపడకు' అని? 'నేనున్నాను' అని? భూమేశ్ గారిని అడిగి వివరంగా రాయి. ఊరికే, తెలుసుకుందామని.

దేవి


సత్వా, దుబాయ్
అక్టోబరు

దేవీ,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. ప్రతిసారీ ఇంకాస్త పొట్టిగా అనిపించింది.

అడిగినవి రాస్తున్నాను. భూమేశ్‌కి చెబితే మురిసిపోయాడు, "మీ ఆడిబిడ్డె సుత నేర్సుకుంటదా?" అని. 'ఆగు' అంటే అరచెయ్యి నేలవైపు పెట్టి, పసిబిడ్డని జోకొడుతున్నట్టు మెల్లగా రెండుసార్లు కిందికి. విసురుగా చేస్తే 'పో' అనుకుంటారట. 'భయపడకు' అంటే చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఊపిరి పీల్చి వదిలి చూపించాలి. 'నేనున్నాను' కోసం తనే ఒకటి కల్పించాడు. మా నాటకంలో నేను బెదిరిపోయినప్పుడు కరుణ నాకు చేసి చూపిస్తుంది. ముందు తన గుండె మీద వేలు, తర్వాత రెండు చేతులూ నీ వైపు బార్లా చాపి, మళ్ళీ గుండెకి హత్తుకోవడం. చూస్తే కళ్ళు తడుస్తాయి.

నా సంగతే కుదరడం లేదు. కళ్ళు పెద్దవి చేస్తాను, నోరు తెరుస్తాను, వెంకట్రావు గారు పగలబడి నవ్వుతారు. "అక్కా, మొకం ఇడిసిపెట్టు. చేతులు జూడు. భయం ముందుగాల చేతులకు తెలుస్తది. గోడ సల్లగ తాకాలె నీకు" అంటాడు భూమేశ్.

మొన్న మా సందులోకి తనిఖీ వాళ్ళు వచ్చారు. కార్డులు చూపించమని షాపు షాపుకీ తిరిగారు. జైబున్నీసా అక్క నన్ను బట్టలు వేసి చూసుకునే గదిలోకి తోసి తెర లాగేసింది. ఆ తెర వెనక అద్దంలో నన్ను నేను చూసుకున్నాను దేవీ. నా చేతులు నావి కానట్టు వణుకుతున్నాయి. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా బయటికి రాలేకపోయాను. ఈ సంగతి విని భూమేశ్ "గదే అక్కా, గదే దేవాలె" అన్నాడు. కోపమొచ్చింది. నా ప్రాణం పోయినంత పనైతే అతనికి నాటకం కనబడింది.

షాహుల్ గారు ఒక మాట చెప్పారు. నువ్వు సగమైపోయావట. ఉత్తరం ఆయన చేతిలో పెట్టేటప్పుడు నోటితో ఒక్క మాట అనలేదట, కెమెరా వైపు వీపు తిప్పి నిలబడ్డావట. ఫోను నీళ్ళలో పడలేదు కదూ? నాకు నిజం రాయి. మీ అన్నయ్యకి చెప్పను.

సుధారాణి


ఫుజైరా
అక్టోబరు

వదినా,

ఫోను నీళ్ళలో పడలేదు. మామా తీసుకుంది. పాస్‌పోర్టు మొదట్నించీ తన దగ్గరే.

అల్మాజ్ ఒకరోజు గేటు దాటి పరిగెత్తింది. వీధి చివర దాకా వెళ్ళి, ఎటు వెళ్ళాలో తెలీక అక్కడే నిలబడిపోయిందట. మామా కారులో వెళ్ళి తీసుకొచ్చేసింది. ఆ రోజు నుంచీ మేడ మీద వెనక గదిలో పెట్టి తాళం వేసింది. నేను సాయం చేశాననుకుని నా ఫోను కూడా లాక్కుంది. "ఎవరితో మాట్లాడినా నా ఉంగరం తీశావని కేసు పెడతాను" అంది. ఏ ఉంగరమో నాకు తెలీదు వదినా, అసలలాంటిది ఉందో లేదో కూడా. అల్మాజ్‌కి తిండి రోజుకోసారి మామాయే తీసుకెళ్తుంది. ఒక్కోరోజు మర్చిపోతుంది. మర్చిపోవడమే అనుకుంటాను, లేకపోతే అనుకోవడానికే భయం.

బాబా ఓడ మీద ఉన్నాడు. ఆయనకి తెలుసో లేదో తెలీదు.

ఆ గది కిటికీ బట్టలారేసే దొడ్లోకి ఉంటుంది. ఊచలు లేవు. కింద సిమెంటు నేల. దొడ్లో కెమెరా ఉంది గానీ, హజ్జా పక్క దుప్పట్లు తడివి తీగ మీద వేస్తే వాటి వెనక నేను కనబడను. అందుకే నిన్ను ఆ సైగలు అడిగాను. పొద్దున్న దుప్పట్లు ఆరేసేటప్పుడు వాటి చాటున నిలబడి తలెత్తుతాను. తను కిటికీ దగ్గరకి వస్తుంది. తను చేతులతో ఏదో చెబుతుంది, నేను ఏదో చెబుతాను. ఆకలి అంటే తెలుస్తుంది. అమ్మ అంటే తెలుస్తుంది. మిగతాది ఊహ.

నిన్న తను ఒక కాలు చూపించింది. తర్వాత కిటికీ గట్టు చూపించింది. తర్వాత రెండు వేళ్ళు గాల్లో నడిపించి, ఒక్కసారిగా కిందికి వదిలేసింది. అది ఊహ కాదు వదినా. అది నాకు స్పష్టంగా అర్థమైంది.

నేను అరచెయ్యి కిందికి రెండుసార్లు అన్నాను, మెల్లగా, నువ్వు రాసినట్టే. నా చెయ్యి విసురుగా వెళ్ళిందేమోనని రోజంతా అదే భయం.

లోపలికొచ్చేసరికి చక్రాల కుర్చీలో హజ్జా వంటింటి గుమ్మంలో ఉంది. దొడ్లోకే చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో. మామాకి ఎలాగైనా తెలియజేస్తుందేమో.

ఏం చెయ్యను?

దేవి


సత్వా, దుబాయ్
అక్టోబరు

దేవీ,

ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి చదివాను. ఎవరిదో జాకెట్టు మాడిపోయింది.

దాచుకోలేకపోయాను, శుక్రవారం మావాళ్ళందరికీ చెప్పాను. ఆ రోజు నాటకం సాధన జరగలేదు. "ఇప్పుడే పోలీసులకు ఫోన్ కొడుదాం" అన్నాడు భూమేశ్. వెంకట్రావు గారి మొహం తెల్లబోయింది. "ఆగవయ్యా బాబూ! ఫోన్ చేసినోడినే ముందు పేరు, కార్డు అడుగుతారండి. సుధారాణిగారి వీసా ఎక్కడ, పనెక్కడ? ఆవిణ్ణి పంపించేస్తారు. అక్కడ దేవిని దొంగని చేస్తారు. ఆ పిల్లని ఇంకో ఇంటికి మార్చేసి 'ఎవరూ లేరు' అంటారు. అప్పుడేం చేద్దామండి?" అన్నారు. ఆయన పిరికివాడని తిట్టాలనిపించింది, కానీ ఆయన అన్న ప్రతి మాటా నా కడుపులో ఉన్నదే.

కరుణ మాత్రం తలెత్తకుండా, "ఆ పోరి దునికితె?" అంది.

జైబున్నీసా అక్క నన్ను దగ్గరికి తీసుకుంది. "ఏం కాదులే సుధా, నేనుండానులే. నా కాగితాలన్నీ సక్రమంగా ఉండాయి, నా ఫోన్‌తో చేద్దాం. అయితే ఆ ఇంట్లో ఉండేది నీ ఆడబిడ్డ. ఆయమ్మి ఊఁ అనకుండా మనం చెయ్యకూడదు" అంది.

అందుకే నీకు వదిలేస్తున్నాను. ఇంటి నంబరు, గేటు రంగు, పక్కన ఏముందో అన్నీ రాయి. నువ్వు చెయ్యమంటే చేస్తాను. నిజం చెప్పనా, నువ్వు వద్దని రాస్తే బాగుండునని ఒక పక్క అనిపిస్తోంది. ఆ మాట రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

ఈలోగా ఏ సాహసం చెయ్యకు. ఆ పిల్లకి 'నేనున్నాను' అని చెబుతూ ఉండు. ఏదో ఒక మనిషి తోడుందని తెలిస్తే ఆగుతుంది.

సుధారాణి


ఫుజైరా
నవంబరు

వదినా,

ఫోన్ చెయ్యి.

పొద్దున్న తను ఒక కాలు బయటికి వేసేసింది. గట్టు మీద అటో కాలు, ఇటో కాలు. అరవలేను, అరిస్తే మామా వస్తుంది, మామా వస్తే దూకేస్తుంది. దుప్పటి వెనక నిలబడి 'నేనున్నాను' అని చేశాను. గుండె మీద వేలు, చేతులు చాపి, హత్తుకుని. మళ్ళీ మళ్ళీ చేశాను. తను నన్నే చూసింది. తర్వాత నవ్వింది వదినా, ఇన్నాళ్ళలో మొదటిసారి. తలూపింది. కాలు లోపలికి తీసుకుంది. అర్థమైంది తనకి!

కానీ ఎంతకాలం ఆగుతుంది? ఫోన్ చెయ్యి. నన్ను ఏమన్నా అననీ.

పచ్చ గేటు. నంబరు వెనక రాశాను. ఎదురుగా నీళ్ళ ట్యాంకు, పక్కన పిల్లల బడి.

హజ్జా ఇవాళ కూడా గుమ్మంలోనే ఉంది.

దేవి


సత్వా, దుబాయ్
నవంబరు

దేవీ,

ఈ ఉత్తరం ఎవరికి చేరుతుందో తెలీకుండా రాస్తున్నాను.

నీ చీటీ అందిన సాయంత్రమే ఫోన్ చేశాను. జైబున్నీసా అక్క ఫోను, నా గొంతు. ముందు అరబ్బీలో, ఇంగ్లీషులో మాట్లాడి తర్వాత హిందీ వచ్చిన ఆవిడకి కలిపారు. అన్నీ చెప్పాను. "నీకెలా తెలుసు?" అంది. మా ఆడపడుచు ఆ ఇంట్లోనే పనిచేస్తుందన్నాను. "నీ పేరు?" అంది. పక్కనే వెంకట్రావు గారు వద్దు వద్దని చేతులూపుతున్నారు. ఏదో ఒక పేరు చెప్పొచ్చు. కానీ అబద్ధం ఒకటి దొరికితే మిగతాదంతా అబద్ధమనుకుంటారేమో అనిపించింది. నా పేరు చెప్పాను. మా ఊరి పేరు కూడా చెప్పేశాను, ఎందుకో.

తర్వాత ఏ కబురూ లేదు. ఆదివారం లేదు, సోమవారం లేదు. నీ దగ్గరనుంచీ లేదు, పోలీసుల దగ్గరనుంచీ లేదు. సందులో కారు ఆగితే నాకోసమే అనుకునేదాన్ని. రాకపోతే, వాళ్ళు నా మాట నమ్మలేదనుకునేదాన్ని. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయాను.

అలాగే శుక్రవారం వచ్చేసింది. నేను ఆడనన్నాను. భూమేశ్ బలవంతపెట్టలేదు. "నువ్వు రాకుంటె లిఫ్టుల ముగ్గురమె ఉంటం అక్కా" అన్నాడు, అంతే. కానీ ఇంట్లో ఒక్కదాన్నీ కూచుంటే పిచ్చెక్కేలా ఉంది. వెళ్ళాను.

షాపు నిండిపోయింది. గుడ్డ తానుల మీద, మిషన్ల మధ్య, మెట్ల మీద జనం. పక్క సెలూన్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, నేపాలీ వాచ్‌మన్, షాహుల్ గారు, క్యాంపు నుంచి భూమేశ్ స్నేహితులు. షట్టర్ దించారు. నేల మీద తెల్ల టేపుతో అంటించిన చిన్న చదరంలో నలుగురం నిలబడ్డాం. వెంకట్రావు గారు పొట్ట ముందుకు పెట్టి షేటులా జేబులు తడుముకుంటే అందరూ నవ్వారు. లిఫ్టు కదిలింది. ఆగిపోయింది.

నేను చెయ్యి చాపాను. గోడ తగిలింది.

ఏం చెప్పను దేవీ! అక్కడేమీ లేదని నాకు తెలుసు. ఎదురుగా రెండడుగుల్లో ఒకమ్మాయి మోకాళ్ళు కనబడుతున్నాయి. అయినా గోడ తగిలింది, చల్లగా. రెండో వైపు చాపాను, అక్కడా గోడే. నేను ఆ గదిలో ఉన్నాను. ఆ పిల్ల గదిలోనో, నీ గదిలోనో. నా చేతులు వాటంతటవే తడుముతున్నాయి. సాధనలో అందరూ నవ్విన చోట ఒక్కరూ నవ్వలేదు.

సరిగ్గా అప్పుడు బయట షట్టర్ మీద ఎవరో కొట్టారు. దబ్, దబ్‌మని. గొంతు లేదు, ఉత్త చెయ్యి. జనమంతా బిగుసుకుపోయారు. ఎవరికి వాళ్ళకి ఏదో ఒక భయం ఉంది కదా, కార్డు లేనివాళ్ళు, సెలవు చెప్పకుండా వచ్చినవాళ్ళు. మళ్ళీ కొట్టారు. నన్ను పట్టుకోవడానికే వచ్చారనుకున్నాను. కరుణ నా వైపు తిరిగింది. వేలు గుండె మీద పెట్టుకుని, రెండు చేతులూ చాపి, హత్తుకుంది. నాటకంలో ఆ సైగ రావలసిన చోటు అది కాదు. ఇంకా చాలా ఉంది. నా కోసం చేసింది. నేను ఆమె మీద పడిపోయి ఏడ్చాను, చప్పుడు రాకుండా.

కొట్టినవాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. నాటకం ఎలాగో ముగిసింది. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి జనం చేతులు పైకెత్తి ఊపారు. భూమేశ్ నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి పక్కన కూచున్నాడు.

ఇవాళ శనివారం. షాహుల్ గారు ఇప్పుడే వచ్చారు. పచ్చ గేటుకి తాళం వేసి ఉందట. వెనక గుమ్మం ఎంత కొట్టినా ఎవరూ తియ్యలేదట. దొడ్లో తీగ మీద బట్టలేమీ లేవట. పక్కింటి డ్రైవరు మాత్రం ఆదివారం పోలీసు కారు వచ్చిందనీ, అంబులెన్సు కూడా వచ్చిందనీ చెప్పాడట. "ఏ అమ్మాయిని తీసుకెళ్ళారు?" అని అడిగితే, "మాలూమ్ నహీ" అన్నాడట.

అంబులెన్సు ఎందుకు దేవీ?

మీ అన్నయ్యకి ఇవాళ కూడా నువ్వు మాట్లాడావనే చెప్పాను. రేపు ఏం చెప్పాలో తెలీదు.

వదిన


ఫుజైరా
నవంబరు

వదినా,

బతికే ఉన్నాను. తనూ బతికే ఉంది. ముందు అది చదువు, తర్వాత మిగతాది.

ఆదివారం పొద్దున్న హజ్జా దుప్పట్లు ఉతికి బకెట్లో పెట్టుకుని దొడ్లోకి వెళ్ళబోతున్నాను. బెల్లు మోగింది. ఇద్దరు పోలీసులు, వాళ్ళలో ఒకావిడ. మామా ఎంతో మర్యాదగా లోపలికి పిలిచింది, ఖర్జూరాలు పెట్టించింది. ఆ పిల్ల తన దేశం వెళ్ళిపోయిందని చెప్పింది. ఎంత నిబ్బరంగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకే నిజమేమో అనిపించింది.

పోలీసావిడ నా వైపు తిరిగి హిందీలో అడిగింది, "ఊపర్ కోయీ హై?" అని, పైన ఎవరైనా ఉన్నారా అని. మామా వచ్చి నా పక్కన నిలబడి నా భుజం మీద చెయ్యేసింది, ముద్దుగా చూసుకునేవాళ్ళలాగా. ఆ చెయ్యి బరువు తప్ప నాకేమీ తెలీలేదు. 'ఉంది' అన్న ఒక్క మాట వదినా, ఒక్క మాట, రాలేదు. పోలీసావిడ రెండోసారి అడిగింది. నేను నేల చూశాను. ఆవిడ పుస్తకం మూసేసింది.

అప్పుడు కుర్చీ చప్పుడైంది. హజ్జా ఎడమ చెయ్యి లేపింది. పైకి, మేడ వైపు. మామా నవ్వి అరబ్బీలో ఏదో అంది, ఆవిడకి మతి లేదని కాబోలు. హజ్జా చెయ్యి దించి కుర్చీ పట్టెని కొట్టింది, మళ్ళీ పైకి చూపించింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చూపించింది. ఆ మొహం ఎలా ఉందంటే, ఇన్ని నెలలు నేను ఒళ్ళు తుడిచిన మనిషి ఆవిడేనా అనిపించింది. ఆవిడ గుమ్మంలోంచి చూసిందంతా నా కోసం కాదు. ఆ కిటికీ కోసం.

అప్పుడు నా చెయ్యి కూడా లేచింది. నోరు అప్పటికీ లేవలేదు. మామా చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది.

తలుపు తెరిచాక అంబులెన్సు పిలిచారు. ఒంట్లో నీళ్ళు లేవు, తలుపు కొట్టి కొట్టి మణికట్టు విరిగింది. నన్ను కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళి, తర్వాత ఆడవాళ్ళని ఉంచే చోట పెట్టారు. నీ నంబరు ఫోనులో ఉంది గానీ నా తలలో లేదు. అందుకే కబురు చెయ్యలేకపోయాను. బాబా ఓడ దిగి వచ్చి పోలీసుల ముందు నా ఫోను, పాస్‌పోర్టు ఇచ్చాడు. నా మొహం చూడలేదు. హజ్జాని తన చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాడట. వెళ్ళేముందు ఒకసారి చూడనిమ్మన్నాను. కుదరదన్నారు.

కేసు ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఉంగరం మాట ఎవరూ ఎత్తలేదు. నీ గురించి అడిగారు. నిన్ను పిలిస్తే సాక్షిగానే పిలుస్తామంది పోలీసావిడ. ఆవిడ మాట నమ్మాలనే ఉంది. భయం మాత్రం పోలేదు వదినా. తలుపు చప్పుడైతే ఇప్పటికీ లేచి నిలబడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆస్పత్రికి వెళ్ళి అల్మాజ్‌ని చూశాను. వారంలో తన దేశం పంపేస్తారు. అక్కడ వాళ్ళ దేశపు నర్సు ఒకావిడ ఉంది, హిందీ కూడా వచ్చు. అల్మాజ్ మాట్లాడింది. ఎంత నిండు గొంతు వదినా! ఇన్నాళ్ళూ నేను సన్నటి గొంతు ఊహించుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఏదో గడగడా చెప్పింది, నవ్వుతూ. నర్సు మాత్రం నవ్వలేదు. నాతో అంది, "ఈ అమ్మాయి నీకు కృతజ్ఞతలు చెబుతోంది. నువ్వు దూకమన్నావట. చేతులు చాపి పట్టుకుంటానన్నావట. గుమ్మంలో ముసలావిడ చూస్తోంది కాబట్టి ఆ రోజు కాదు, రేపు అన్నావని అనుకుందట. ఆదివారం పొద్దున్న కిటికీ గట్టు మీద కూచుని, నువ్వు దుప్పట్లు ఆరెయ్యడానికి వస్తే దూకుదామని ఎదురు చూసిందట."

గుండె మీద వేలు. రెండు చేతులూ బార్లా. హత్తుకోవడం.

ఆ ఆదివారం పొద్దున్న బకెట్టు నా చేతిలోనే ఉంది వదినా. ఆ బెల్లు మోగకపోతే నేను దొడ్లోకి వెళ్ళి, దుప్పటి తీగ మీద వేసి, తలెత్తి నవ్వి ఉండేదాన్ని.

నేను మంచం పక్కన కూలబడిపోయాను. అల్మాజ్‌కి ఎందుకో అర్థం కాలేదు. నర్సు చెప్పలేదు, నేను చెప్పొద్దన్నాను. తను బాగున్న చేత్తో నా తల నిమురుతూ కూచుంది.

ఇక్కడివాళ్ళు వెళ్ళొచ్చన్నారు, రేపు శనివారం షాహుల్ గారి వ్యాన్‌లో సత్వా వస్తున్నాను. ఫోను చేతికొచ్చిన వెంటనే నీ నంబరు తీశాను. క్షేమమని, వస్తున్నానని మెసేజ్ పెట్టాను గానీ నీ గొంతు వింటే ఇదంతా నోటితో చెప్పాల్సొస్తుందని ఆగిపోయాను. నోటితో చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం ఎవరికీ ఇవ్వకుండా నేనే తెస్తున్నాను. నీ చేతిలో పెట్టి, నీ పక్కనే కూచుంటాను. చదువు. చదివాక నన్నేమీ అడక్కు, ఆ సైగ నువ్వు నేర్పావని నువ్వూ ఏడవకు. అన్నం పెట్టు.

దేవి